డైనోసార్ ఎముకల్ని ఫిట్టర్ కళ్ళతో చూడటం ఎలా

చెన్నైలో రైలు బోగీలు కట్టే ఐసీఎఫ్ ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఉండేది విల్లివాక్కంలో. చదివింది ఐటీఐ. డైనోసార్ల గురించి వీడు చెప్పేదేమిటని మీరనుకుంటే తప్పు లేదు. కానీ మూడేళ్ళుగా మా మనవణ్ణి వెంటబెట్టుకుని శిలాజాలున్న చోటల్లా తిరుగుతున్నాను. తిరగ్గా తిరగ్గా ఒక పద్ధతి కుదిరింది. పిల్లలున్న ఇళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ఇదంతా మొదలైంది ఒక వేసవి ఎగ్జిబిషన్‌లో. నడిపినవాళ్ళ పేరెందుకులెండి. మనిషికింతని టికెట్ పెట్టి లోపల ఓ ఇరవై రబ్బరు డైనోసార్లని నిలబెట్టారు. తల ఊపుతాయి, అరుస్తాయి. అందులో ఒకటి నోరు తెరిచి అలాగే బిగుసుకుపోయింది, స్పీకర్లోంచి అరుపు మాత్రం వస్తూనే ఉంది. జనం దాంతోనే సెల్ఫీలు దిగుతున్నారు. మావాడు దాని పొట్ట కిందికి దూరి చూసి, "తాతా, మోటారు ఇక్కడుంది, క్రాంకు విరిగినట్టుంది" అన్నాడు. అప్పుడు వాడికి ఆరేళ్ళు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది, చెప్పొద్దూ. వెంటనే ఇంకోటి అడిగాడు: "మరి నిజం ఎముకలు ఎక్కడున్నాయి?" దానికి నా దగ్గర సమాధానం లేదు.

మ్యూజియంకి వెళ్ళే ముందు ఇంట్లో రెండు పనులు చేసుకోండి. ఇవి లేకుండా వెళ్తే పిల్లలు పావుగంటలో ఐస్‌క్రీమ్ అడుగుతారు.

మొదటిది టేపు. మా ఆవిడ జాకెట్లు కుట్టడానికి వాడే 150 సెంటీమీటర్ల టేపు నేల మీద పరిచాను. ఒక సెంటీమీటరు అంటే 10 లక్షల ఏళ్ళు. సున్నా దగ్గర మనం. మనిషి పుట్టి సుమారు 3 లక్షల ఏళ్ళంటారు, అంటే 3 మిల్లీమీటర్లు. మన రాజులూ గుళ్ళూ చరిత్రా అంతా టేపు చివరి ఇత్తడి పట్టీ కిందే అయిపోతాయి. 20 దగ్గర ఒక గింజ పెట్టండి: తిరువక్కరైలో రాళ్ళయిపోయిన చెట్ల వయసు అది. 66 దగ్గర ఎర్ర బటన్: పక్షుల్ని వదిలేస్తే డైనోసార్లన్నీ అంతరించింది అక్కడ. బొమ్మల పెట్టెలో అందరికీ పెద్దన్న అయిన టైరనోసారస్ దాన్ని ఆనుకునే, 67 ప్రాంతంలో ఉంటుంది. 120 దగ్గర సాత్తనూరు రాతి చెట్టు అంటారు. ఇక మన తెలుగు నేల మీద దొరికిన కోటసారస్‌కి చోటు వెతికితే టేపు అయిపోతుంది. ఇంకో జానెడు పైనే అవతలికి జరగాలి. మావాడు కాసేపు టేపు వైపు చూసి, "టైరనోసారస్‌కి కాలం లెక్కలో కోటసారస్ కన్నా మనమే దగ్గర" అన్నాడు. ఇంజనీర్లకి కూడా ఇది చప్పున తట్టదు.

రెండోది కోడి. ఆదివారం చికెన్ కొట్టులో నడుము భాగాన్ని ముక్కలు కొట్టకుండా ఇవ్వమని అడగండి. వాళ్ళు వింతగా చూస్తారు, చూడనివ్వండి. ఉడికించి, తిని, మిగిలిన ఎముకని బట్టల సోడా నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమండి. ఇప్పుడు తొడ ఎముక బంతి కూర్చునే గుంటని వెలుతురుకి పెట్టి చూడండి. గుంటకి అడుగు ఉండదు. అవతలి వెలుగు కనపడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను బుష్ అరిగి కన్నం పడిందేమో అనుకున్నాను. అరుగుదల కాదు, తయారీయే అంత. డైనోసార్ల తుంటి కూడా ఇలాగే ఆరపార కన్నంతో ఉంటుంది. ఒక జంతువు డైనోసారా కాదా అని తేల్చడానికి శాస్త్రవేత్తలు చూసే గుర్తుల్లో ఇదొకటి. పక్షులు డైనోసార్ల వంశమే కాబట్టి మన కోడికీ ఆ వారసత్వం వచ్చింది. ఆ తుంటి వల్ల కాళ్ళు ఒంటి కింద స్తంభాల్లా నిటారుగా దిగుతాయి, బరువంతా నేరుగా నేలకి పోతుంది. మొసలి కాళ్ళు అలా కాదు, పక్కలకి చాచుకుని ఉంటాయి. మహాబలిపురం వైపు ఎప్పుడైనా వెళ్తే ఈసీఆర్ రోడ్డు మీద క్రొకడైల్ బ్యాంక్‌లో ఆగండి. 1976లో పాములూ మొసళ్ళ నిపుణుడు రోములస్ విటేకర్ వాళ్ళు పెట్టింది. పడుకున్న మొసలి మోచేతులూ మోకాళ్ళూ ఎటు తిరిగి ఉన్నాయో పిల్లల చేత బొమ్మ గీయించండి. ఆ కాగితం తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు ఎగ్మోర్ మ్యూజియం. పాంథియన్ రోడ్డులో ఉంది, 1851లో పెట్టారు. శుక్రవారం సెలవు. ఇది నేను గేటు ముందు నిలబడి తెలుసుకున్న సంగతి కాబట్టి రెండుసార్లు చెప్తాను: శుక్రవారం సెలవు. పిల్లల మ్యూజియం దగ్గర డైనోసార్ బొమ్మలుంటాయి, అక్కడ కాళ్ళు ఆగిపోతాయి. పది నిమిషాలు ఆడుకోనిచ్చి లోపలికి లాక్కెళ్ళండి.

ముందు జంతుశాస్త్ర విభాగంలో తిమింగలం అస్థిపంజరం దగ్గరికి వెళ్ళండి. ఇది శిలాజం కాదు, ఎముకే. అందుకే ముందు ఇక్కడికి. ఈదే రెక్కలో వేళ్ళ ఎముకలు లెక్కపెట్టమని పిల్లల్ని అడగండి. బయటికి తెడ్డులా కనిపించేది లోపల మన చెయ్యే. తర్వాత భూగర్భశాస్త్ర విభాగం ఎక్కడని అడిగి వెళ్ళండి. జనం కంచు విగ్రహాలకి వెళ్ళినంత ఉత్సాహంగా ఇటు రారు కాబట్టి ప్రశాంతంగా ఉంటుంది.

రాయి అయిన ఎముకకీ మామూలు ఎముకకీ తేడా పిల్లలకి చెప్పడానికి నేను ఇంట్లోని గీజర్ కాయిల్ ఒకటి సంచీలో తీసుకెళ్ళాను. మా వీధి బోరు నీళ్ళకి రెండేళ్ళలో దాని మీద వేలు మందాన తెల్లటి పెచ్చు కట్టింది. నీళ్ళలో కంటికి కనపడకుండా కరిగి ఉన్న ఖనిజం అలా బయట పడుతుంది. బురదలో పూడుకుపోయిన ఎముకలోని సన్నని రంధ్రాల్లోకి కూడా ఇలాగే నీళ్ళు దిగి, ఖనిజాన్ని వదిలి, వదిలి, లక్షల ఏళ్ళకి దాన్ని రాయి చేస్తాయి. చెక్క కూడా ఇలాగే రాయవుతుంది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన కాయిల్ చూసి, "ఇదెందుకు సార్?" అని తమిళంలో అడిగాడు. చెప్పాను. నవ్వి వదిలేశాడు.

అక్కడే చుట్టలు చుట్టుకున్న గవ్వలాంటి శిలాజాల ముందు కాస్త ఆగండి. వీటి పేరు అమ్మోనైట్. ఆక్టోపస్‌కి దూరపు చుట్టమైన సముద్ర జీవి గుల్ల ఇది. మన ఇళ్ళల్లో చాలామందికి ఇది కొత్త కాదు, పూజలో ఉంటుంది. నేపాల్‌లో గండకీ నది నుంచి వచ్చే సాలగ్రామం అమ్మోనైట్ శిలాజమే. లోపల కనిపించే చక్రం ఆ గుల్ల చుట్టలూ గీతలూ. ఇంటికి వచ్చాక మా ఆవిడకి చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అంటే హిమాలయం ఒకప్పుడు సముద్రమన్నమాట, క్షీరసాగరం అనలేదూ" అంది. ఆవిడ లెక్క ఆవిడది. హిమాలయం చోట సముద్రం ఉండేదన్న మాట మాత్రం నిజమే.

అన్నట్టు అంతదూరం వెళ్ళి అమరావతి శిల్పాలు చూడకుండా రాకండి. మన గుంటూరు వైపు సున్నపురాయి అక్కడుంది. అది వేరే కథ.

ఇక అసలు విద్య. ఏ మ్యూజియంలోనైనా డైనోసార్ అస్థిపంజరం ముందు నిలబడ్డప్పుడు తల వైపు చూడకండి. అందరూ తలే చూస్తారు. మీరు కిందికి వంగి ఇనుము చూడండి. నిజం శిలాజం రాయి కాబట్టి మోయలేని బరువు, పైగా పెళుసు. దానికి కన్నాలు వేయడానికి చెయ్యాడదు. అందుకని ఊతం బయట ఉంటుంది: ఎముక కింద వంపు తిప్పిన పట్టీ, పక్కన క్లాంపు, కింద పైపు. అచ్చు పోసిన నకలైతే ఫైబర్‌తోనో ప్లాస్టర్‌తోనో చేస్తారు, తేలిక. ఇనుప కడ్డీ లోపల్నించే పోతుంది, బయటికి ఏమీ కనపడదు. ఇనుము కనపడటం మంచి లక్షణమన్నమాట. పాత మ్యూజియంలలో నిజం ఎముకలకీ కన్నాలు వేసిన సందర్భాలున్నాయి, కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్మొద్దు. అతుకు గీత వెతకండి. రెండు ముక్కల అచ్చులో పోసిన వస్తువుకి అంచు వెంబడి సాధారణంగా సన్నని గీత ఉంటుంది, ప్లాస్టిక్ బకెట్ చెవికి ఉన్నట్టు. ఒకే పగులు నాలుగైదు వెన్నుపూసల మీద ఒకే చోట కనిపిస్తే అవన్నీ ఒక్క అచ్చులోంచి వచ్చినవే. రంగు కూడా చూడండి. నిజం ఎముక పక్కన పూరించిన భాగం కాస్త చదునుగా, నున్నగా, ఒకే రంగులో ఉంటుంది. తట్టి చూడాలని నాకూ చెయ్యి దురద పెడుతుంది. తట్టకూడదు.

నకలైతే మోసమా అంటే కానే కాదు. మా షాపులో కొత్త బోగీ కట్టేముందు జిగ్, అంటే భాగాల్ని సరైన చోట పట్టి ఉంచే చట్రం, కట్టేవాళ్ళం. జిగ్ బోగీ కాదు, కానీ అది లేకపోతే బోగీ లేదు. ఏది అసలు, ఏది నకలు అని బోర్డు మీద రాస్తే చాలు. రాయకపోతే అడగండి. అడిగితే అక్కడివాళ్ళు సంతోషిస్తారు, అడిగేవాళ్ళు తక్కువ.

ఈ విద్య పరీక్షించుకోవడానికి మనవాళ్ళకి సరైన చోటు హైదరాబాద్. సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దునకి దిగుతాం. నౌబత్ పహాడ్ మీద, బిర్లా మందిర్‌కి దగ్గర్లో బిర్లా సైన్స్ మ్యూజియం ఉంది. అందులో డైనోసార్ల విభాగం 2000లో తెరిచారు. అక్కడ నిలబడి ఉన్నది కోటసారస్ యమనపల్లియెన్సిస్. పేరు నోరు తిరగదనుకుంటారు గానీ అందులో ఉన్నవి మన గోదావరి లోయ ఊర్లే: కోట రాతిపొరలు, పాత ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి. 1970ల చివర్లో జియలాజికల్ సర్వే వాళ్ళు అక్కడ తవ్వితే 840 ఎముక భాగాలు దొరికాయి. కనీసం పన్నెండు జంతువులవని తేలింది. 1988లో ఆ సర్వే శాస్త్రవేత్త యాదగిరి గారు దానికి పేరు పెట్టి లోకానికి చెప్పారు.

పన్నెండు జంతువుల ఎముకలు అన్న మాట దగ్గర ఆగండి. పన్నెండు కండెమ్ బోగీల విడిభాగాలు ఏరి ఒక బోగీ నిలబెట్టడం లాంటిది ఆ పని. కొలతలు ఎక్కడో ఒకచోట తేడా వస్తాయి. కుడి తొడ, ఎడమ తొడ ఒకే పొడవున్నాయా, పక్కపక్క వెన్నుపూసలు ఒకదానికొకటి సరిగ్గా అమరుతున్నాయా అని దూరం నుంచి ఒక కన్ను మూసి బొటనవేలితో కొలిపించండి. పిల్లలకి ఇంతకన్నా మంచి ఆట ఉండదు. ఇంకో సంగతి. యామన్‌పల్లిలో దాదాపు అన్ని భాగాలూ దొరికాయి గానీ పుర్రె దొరకలేదు. అక్కడ అందరూ ఫోటో తీసుకునే ఆ తల, దాని చుట్టాల తలల్ని బట్టి ఊహించి చేసింది. మావాడికి ఇది ముందే చెప్పలేదు. "ఇందులో ఒక పెద్ద భాగం కొత్తది, కనుక్కో" అన్నాను. అరగంట తిరిగి తోకే అన్నాడు. తప్పే, కానీ ఆ అరగంటలో వాడు ప్రతి ఎముకనీ చూశాడు. అప్పుడు మొసలి బొమ్మ గీసిన కాగితం బయటికి తీసి తుంటి దగ్గర పెట్టి చూపించాను. ఇక నేను చెప్పాల్సింది ఏమీ లేకపోయింది.

దీనికి అన్నలాంటిది ఇంకోటి కోల్‌కతాలో ఉంది, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో. బారాపాసారస్ టాగోరై. గోదావరి లోయలోనే, మహారాష్ట్ర వైపు సిరోంచా దగ్గర దొరికింది. తవ్వకం మొదలైన 1961 టాగూరు శతజయంతి సంవత్సరం కాబట్టి ఆయన పేరు పెట్టారు. బెంగాలీలో బారా పా అంటే పెద్ద కాలు. తొడ ఎముక ఒక్కటే సుమారు 1.7 మీటర్లు. నా ఎత్తు కన్నా ఎక్కువ. అది నేనింకా చూడలేదు.

చెన్నైకి దగ్గర కావాలంటే అరియలూరు. ఎగ్మోర్ నుంచి తిరుచ్చి కార్డ్ లైన్ మీద ఉంది. మా రైల్వే వాళ్ళకి ఆ పేరు వింటే 1956 ప్రమాదం గుర్తొస్తుంది, లాల్ బహదూర్ శాస్త్రి గారు మంత్రి పదవి వదిలేసిన ప్రమాదం. శిలాజాల వాళ్ళకి మాత్రం అది పుణ్యక్షేత్రం. డైనోసార్ల కాలంలో అక్కడిదాకా సముద్రం ఉండేది. ఆ గుల్లలూ సున్నపురాయీ ఉండబట్టే ఇవాళ అన్ని సిమెంట్ ఫ్యాక్టరీలు. వారణవాసి దగ్గర శిలాజాల మ్యూజియం ఉంది. పక్క జిల్లా పెరంబలూరులోని సాత్తనూరులో 18 మీటర్ల రాతి చెట్టు పడుకుని ఉంటుంది. కాండం మొదలు నుంచి చివరిదాకా నడిచి అడుగులు లెక్కపెట్టండి.

అరియలూరు జిల్లాలోనే కల్లమేడు దగ్గర దొరికిన ఎముకలకి 1987లో యాదగిరి, అయ్యసామి పెట్టిన పేరు బృహత్‌కాయోసారస్. ఈ పేరు మన పిల్లలకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కాలి ఎముక ఒక్కటే 2 మీటర్లు. ఈమధ్య కట్టిన ఒక అంచనాలో బరువు 110 నుంచి 130 టన్నులన్నారు. మా ఖాళీ బోగీ సుమారు 40 టన్నులు, అంటే మూడు బోగీలు నడిచి వస్తున్నట్టు. దాన్ని ఏ మ్యూజియంలో చూడాలని అడక్కండి. ఎక్కడా లేదు. ఆ ఎముకలు భద్రం చేసేలోపే పొడైపోయాయి. అసలవి ఎముకలా, రాతి చెక్కా అని అనుమానపడ్డవాళ్ళు కూడా ఉన్నారు. 2022లో పాత ఫోటోలు బయటపెట్టి, ఎముకలేనని రాశారు.

పొడైపోవడం అంటే ఏమిటో పిల్లలకి చేతిలో తెలియాలి. ఒక జంతిక తీసుకోండి, అమ్మోనైట్ లాగే ఉంటుంది. పొడి ఇసుకలో పూడ్చి, బ్రష్‌తో చుట్టూ తవ్వించి, విరగకుండా ఎత్తమనండి. విరుగుతుంది. రెండో జంతికకి చుట్టూ తవ్వాక పైన తడి టిష్యూ కాగితం పరిచి, మెడికల్ షాపులో దొరికే ప్లాస్టర్ కట్టు గుడ్డ తడిపి కప్పండి. గట్టిపడ్డాక కింద నుంచి కోసి తిరగేస్తే జంతిక ఇసుకతో సహా లేచి వస్తుంది. శిలాజాలు తవ్వేవాళ్ళు గోనెపట్టా, ప్లాస్టర్ వాడి చేసేది ఇదే పని. మా ఇంట్లో ఏడు జంతికలు ఖర్చయ్యాయి.

ఆ వైపు వెళ్తే డైనోసార్ గుడ్లు చూపిస్తామనేవాళ్ళు తగలొచ్చు, వాట్సాప్‌లో ఫోటోలూ వస్తాయి. 2020లో పెరంబలూరు జిల్లా కున్నం దగ్గర చెరువు తవ్వితే గుండ్రటి రాళ్ళు బయటపడి గుడ్లని గోల అయింది. తీరా అవి అమ్మోనైట్ల చుట్టూ మట్టి పేరుకుని గట్టిపడ్డ ఉండలు. పగిలిన అంచు చూడండి. ఉల్లిపాయలా పొర మీద పొర ఉంటే ఉండ. గుడ్డయితే బయట ఒక్కటే సన్నని పెంకు, దాని మీద గరుకు. ఏదైనా సరే అక్కడే వదిలేసి రండి, జేబులో వేసుకోవద్దు. తిరువక్కరై వక్రకాళి గుడికి పౌర్ణమికి వెళ్ళే మనవాళ్ళకి ఇది మరీ చెప్తున్నాను. పక్కనే ఉన్న రాతి చెట్ల పార్కులోంచి చిన్న పెచ్చు కూడా తేకూడదు.

ఫోటోల గురించి ఒక్క మాట. ముందు బోర్డు ఫోటో, తర్వాత వస్తువు ఫోటో, ఈ వరసలోనే తీయండి. లేకపోతే ఇంటికొచ్చాక ఏది ఏదో తెలియదు, నా ఫోన్‌లో అలాంటివి రెండొందలున్నాయి. నోటు పుస్తకంలో రోజుకి ఒక్క ఎముక బొమ్మ చాలు, కానీ దాని కింద ఉన్న ఇనుప ఊతం కూడా గీయాలి. ఇది మా ఇంటి రూలు.

సున్నపురాయో కాదో తెలుసుకోవాలంటే రోడ్డు పక్కన కంకర ముక్క మీద నిమ్మరసం పిండితే సన్నగా బుడగలు వస్తాయని అరియలూరులో మావాడికి చూపించాను. అది మాత్రం చూపించకుండా ఉండాల్సింది. తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే మా ఆవిడ కేక విని లేచాను. వీడు స్నానం చేసి, బొట్టు కూడా పెట్టుకుని, సగం నిమ్మచెక్కతో సాలగ్రామం ముందు కూర్చున్నాడు. ఇంకా పిండలేదు. ఆ రోజు నుంచి పూజగది తాళంచెవి ఆవిడ కొంగునే ఉంటోంది.